గాలి లెక్క

గాలికి పోయిన పేలపిండిని కృష్ణార్పణమనుట మన యిండ్లలో పెద్దల వాడుక. గాలివలన పోయిన రూపాయలను మాత్రము అంత సులభముగా కృష్ణార్పణము చేయుటకు మాకు మనసొప్పలేదు. ఆ రూపాయలెట్లు పోయినవో, వానిలో గాలి తీసికొనిపోయిన వెన్నియో, మా యింటి గడప దాటకుండగనే పోయిన వెన్నియో తెలిసికొనుటకు మాకొక గాలికాలమంతయు పట్టినది. ఆ సంగతియే సోదరీమణులకు విన్నవించుకొనుచున్నాము. ఇందు మా తప్పు నొకదానిని గూడ ఒప్పుకొనవలసి యున్నది గాన కొంత సంకోచముతోనే కలము పట్టితిమి.

మా మెట్టినిల్లు అనంతపురము జిల్లాలోనిది. మా మామగారి నాటినుండి మాకు వేరుసెనగ నూనె మిల్లు కలదు. వానలు కురిసిన యేడు కాయ వచ్చును, కురియని యేడు రాదు. కురియని యేండ్లే యెక్కువ. మిల్లు ఆరు నెలలు ఆడి ఆరు నెలలు మూతపడుచుండుట చూచి మా బావగారును, మా వారును, మా మరిదియు కూడబలుకుకొని, బ్యాంకులో అప్పుచేసి, ఉరవకొండ వైపున నొక గుట్టమీద 2 మెగావాట్ల గాలిమర నొకదానిని పెట్టించిరి. మా సీమ వానకు పేదయైనను గాలికి సంపన్నమైనది. రామగిరి గుట్టలమీద 1990 తరువాతి యేండ్లలోనే గాలిమరలు లేచినవి. ఆషాఢము వచ్చినదన్న మా పెరటిలో ఆరవేసిన చీర ఆరులోపల నాలుగిండ్లవతల దొరకును. అయినను మా అత్తగారు మాత్రము, "వాననే నమ్మలేక గాలిని నమ్ముకొంటిరా నాయనా!" అని ఆనాడే నిట్టూర్చిరి.

మొదట అంతయు బాగుగనే యుండెను. మర తిరిగినంత కరెంటు, కరెంటుకు తగిన పైకము. అటుపిమ్మట నెలనెలా వచ్చు లెక్క కాగితములో క్రొత్త గడి యొకటి కనబడసాగినది. అందులో వ్రాసిన మొత్తము మాకు రావలసిన దానినుండి తీసివేయబడుచుండెను. అది జరిమానా. గాలి వీచనందుకు గాదు, వీచునని చెప్పినంత వీచనందుకు.

ఈ నిబంధన సంగతి కొంచెము వివరించవలెను. కరెంటు గాదెలో పోసి యుంచుకొను ధాన్యమువంటిది గాదు. బ్యాటరీలలో దాచుట యిప్పుడిప్పుడే పెరుగుచున్నది గాని, దేశమునకంతటికి కావలసిన దానిలో అది యెంతో కొంచెము. ఏ నిముషమున ఎంత వాడుచున్నారో ఆ నిముషమున అంతయే పుట్టవలెను. ఎక్కువైనను తక్కువైనను గ్రిడ్డు ఒడుదొడుకులకు లోనగును. బొగ్గు కేంద్రమును పెంచుటకు కొంత కాలము పట్టును. ఆరియున్న దానిని వెలిగించుటకు మరియు నెక్కువ కాలము కావలెను. పెండ్లివారెందరో ముందే చెప్పినగాని వంటవాడు ఎసరు పెట్టలేనట్లు, ఏ గాలిమర యెంత యిచ్చునో ముందే తెలిసినగాని విజయవాడలో కూర్చున్న లోడ్ డిస్పాచ్ కేంద్రమువారు బొగ్గు నెంత కాల్పించవలెనో, జల విద్యుత్తు నెంత తీయవలెనో నిర్ణయించలేరు. అందుచే 2015లో కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలియు, 2017లో మా రాష్ట్ర మండలియు గాలి, సూర్యకాంతి విద్యుత్తులకు ముందంచనా నిబంధనలు చేసినవి. దినమును 15 నిముషములకొక భాగము చొప్పున 96 భాగములు చేసిరి. మన పెద్దలు దినమును 60 ఘడియలు చేసిరి గదా, ఒక్కొక్క ఘడియ 24 నిముషములు. ఈ కాలమువారి పంచాంగము అంతకంటె సన్నముగా తరిగినదన్నమాట! ఈ 96 భాగములలో ప్రతిదానికిని ఇంత పుట్టునని ముందునాడే వ్రాసి పంపవలెను. ఆ దినముననే గంటన్నర కొకసారి చొప్పున 16 మారులు దిద్దుకొనుటకు సెలవు కలదు. చెప్పినదానికిని పుట్టినదానికిని తేడా, పనిచేయు మర పూర్తి శక్తిలో నూటికి 15 వంతులలోపల నున్నచో క్షమింతురు. దాటినచో, 15 నుండి 25 వరకు యూనిట్టుకు 50 పైసలు, 25 నుండి 35 వరకు 1 రూపాయి, ఆపైన 1 రూపాయి 50 పైసలు అని 2017 నాటి నిబంధన. కేంద్ర నిబంధనలకు 2022లోను 2024లోను మార్పులు వచ్చినవి.

లెక్కలన్న భయపడు సోదరీమణులు ఒక్క నిముష మోర్చుకొనవలెను. మా మర నిండుగా తిరిగినచో 15 నిముషములకు 500 యూనిట్లు. సగము తిరుగునని 250 యూనిట్లు వ్రాసి పంపినామనుకొనుడు. మర నిలిచిపోయి సున్న వచ్చినది. తేడా నూటికి 50. మొదటి 75 యూనిట్లకు క్షమ. తరువాతి 50 యూనిట్లకు 25 రూపాయలు, ఆ తరువాతి 50 యూనిట్లకు 50 రూపాయలు, మిగిలిన 75 యూనిట్లకు 112 రూపాయల 50 పైసలు. వెరసి 187 రూపాయల 50 పైసలు. ఇది యొక్క భాగమునకే. అట్లు దినమెల్ల సాగినచో 96 భాగములకు 18,000 రూపాయలు! కరెంటు పుట్టనందున రాని పైకము వేరు, ఇది వేరు.

ఈ లెక్క మా అత్తగారికి వినిపించితిమి. ఆమె అంతయు విని, "తక్కువ పెట్టినందుకు జరిమానా అంటే సరే. ఎక్కువ పెట్టినందుకు గూడా జరిమానా ఏందే తల్లీ?" అనిరి. ఎక్కువైనను తప్పేనని ఆమెకు నచ్చజెప్పుట మా తరము గాలేదు. మా మరిది గూడ ఒకప్పుడు, ఎల్లప్పుడును కొంచెము తక్కువగా చెప్పి పంపిన బాధ యుండదు గదా యని యుపాయము చెప్పెను. అదియు చెల్లదు.

2022 ఆషాఢమున తేడా యెన్నడును లేనంతగా పెరిగినది. ఆ నెల బ్యాంకు వాయిదా కట్టుటకు మా తోడికోడలి గాజులు కుదువ పెట్టవలసి వచ్చినది. మా బావగారు శాంతమూర్తియే గాని ఆనాడు మండిపడిరి. గుట్టమీద మరను కనిపెట్టి యుండుటకు ఆ దాపుల యూరి పిల్లవా డొకడు కలడు. తండ్రి లేడు, తల్లియు చెల్లెలును వాని జీతముమీదనే బ్రతుకుచున్నారు. "వాడు గుట్టమీద నిద్రపోతాండాడు. మర నిలిచినా చెప్పడు. వాణ్ణి మారిస్తే అన్నీ సరిపోతాయి" అని బావగారు తేల్చివేసిరి. శ్రావణము మొదటి వారమున వచ్చి తాళములు అప్పగించి పొమ్మని వానికి కబురు పోయినది. మేమును సరియే ననుకొంటిమి.

ఆ దినములలోనే మా యన్నగారి కుమార్తె వరలక్ష్మీ వ్రతమునకు మా యింటికి వచ్చినది. ఆ పిల్ల హైదరాబాదులో గాలి అంచనాలు వేయు సంస్థలో పనిచేయుచున్నది. రాత్రివేళ మేలుకొని పనిచేయు వంతులు గూడ కలవట. ఆడపిల్లకు రాత్రి కొలువేమని మొదట మేమే సణిగినవారము. పూజ ముగిసి, తాంబూలములిచ్చి, అందరును వెళ్లిన తరువాత మా లెక్క కాగితములను దానిముందు పరచితిమి. అది వ్రేలితో వరుసలు దిద్దుచు పోయి పోయి ఒకచోట నిలిచి, "అత్తా, గాలి తప్పు వేరు, మర తప్పు వేరు. గాలి పడిపోతే యూనిట్లు మెల్లగా తగ్గుతాయి. ఇక్కడ చూడు, రెండు వందలున్నది ఒక్కసారిగా సున్న అయింది. తెల్లారేదాకా సున్నే. ఇది గాలి కాదు. మర నిలిచింది. నిలిచిందని అంచనా వేసేవాళ్లకు ఎవరూ చెప్పలేదు" అనెను.

మర తన సంగతి తీగమీద తానే పంపవలెను గదా యని యడిగితిమి. పంపవలసినదే గాని గుట్టలమీద ఆ సంబంధము తరచు తెగుచుండుననియు, అది తెగినప్పుడు మనుష్యుడు చెప్పు మాటయే ఆధారమనియు ఆ పిల్ల చెప్పినది. మా మరవంటి మరలు కొన్ని ఒక సబ్‌స్టేషనులో చేరును. అందరి తరఫున అంచనా వేసి పంపుట కొక సంస్థ యున్నది. ఒకరి మర యెక్కువ తిరిగి మరియొకరిది తక్కువ తిరిగిన వేళ మొత్తముమీద తేడా సర్దుకొనును. ఉమ్మడి కుటుంబములో ఒకరు రెండు ముద్దలు తక్కువ తిన్న మరియొకరు రెండు ముద్దలు ఎక్కువ తిని గిన్నె ఖాళీ యగునట్లే. మిగిలిన జరిమానాను మాత్రము ఎవరి తేడా కొలది వారు పంచుకొనవలెనని మా సబ్‌స్టేషనులో ఒప్పందము. ఆ సంస్థవారు మా మర తిరుగుచున్నదనియే తలచి దినదినమును దానిని లెక్కలో చేర్చి పంపుచుండిరి.

"నిలిచిన దినాలు ఎక్కడైనా రాసిపెట్టినారా అత్తా?" అని అది యడుగగనే మా గుండె జల్లుమన్నది.

మా వంటయింటి గోడకు క్యాలెండ రొకటి వ్రేలాడుచుండును. అందులో పాలలెక్క, గ్యాసు బండ వచ్చిన తేది, చాకలి పద్దు మేము వ్రాసుకొందుము. మగవారు మిల్లుపనిమీద ఊళ్లు తిరుగుచుందురు గాన, మర నిలిచినచో ఇంటికి ఫోను చేయుమని ఆ పిల్లవానితో మొదటనే చెప్పియుండిరి. ఫోను ఎత్తునది మేమే. "అమ్మా, మర నిలిచె" అనును. "సరే నాయనా, చెప్పెదము" అందుము. అలవాటు చొప్పున క్యాలెండరులో ఆ తేది గడిలో 'మర' అని వ్రాసి గంట వేయుదుము. రాత్రి భోజనముల వేళ జ్ఞాపకమున్న మా వారితో అందుము. ఆయన 'ఊ' అందురు. అంతటితో ఆ మాట మా యింటిలోనే నిద్రపోవుచుండెను.

ఆ రాత్రి మా మేనకోడలును మేమును క్యాలెండరును కాగితమును ప్రక్కప్రక్కన బెట్టి చూచితిమి. ఆషాఢమున పెద్ద జరిమానా పడిన దినములు 11. అందు 7 దినముల గడులలో మా చేతివ్రాత కనబడినది. గంటలు గూడ సరిపోయినవి. పాలలెక్క ప్రక్కనే, నీలి సిరాతో.

మరునాటి యుదయమున ఆ పిల్లవాడు వచ్చి వసారాలో నిలుచుండెను. తాళపు గుత్తి తువ్వాలులో చుట్టి తెచ్చినాడు. "నిలిచినప్పుడల్లా చెప్పకపోతివేమిరా?" అని బావగారడిగిరి. "చెప్తిని సామీ" అని మాత్రమనెను. ఎవరితో చెప్పితివన్న ప్రశ్నకు వాడు తలవంచుకొని యూరకుండెను. మేము తలుపు చాటున నుంటిమి. వాడు మా వైపు కన్నెత్తియైన చూడలేదు. మా పేరు చెప్పినచో వాని కొలువు నిలుచును, చెప్పకున్న పోవును. అయినను చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో మేము వాని నెన్నడు నడుగలేదు. అడుగుటకు మొగము చెల్లలేదు.

మా యింట కోడండ్రు బావగారి యెదుటికి వచ్చి మాటలాడు వాడుక లేదు. ఏమైన చెప్పవలసినచో మా తోడికోడలి ద్వారముననే చెప్పుదుము. ఆనాడు ఆమె గుడికి పోయియుండెను. గోడ క్యాలెండరును మేకునుండి యూడదీసి, తలుపు దాటి వచ్చి, బావగారి యెదుట బల్లమీద బెట్టి, "వాడు చెప్పినాడు. మేమే చేరవేయలేదు" అంటిమి. గొంతు వణకినది. బావగారు కండ్లద్దములు పెట్టుకొని ఒక్కొక్క గడిని చూచిరి. చాలసేపు చూచిరి. పిమ్మట ఆ పిల్లవానితో, "కాఫీ తాగి బస్సెక్కు. తాళాలు నీ దగ్గరే పెట్టుకో" అనిరి. మమ్ములనేమియు ననలేదు. అనియున్న బాగుండెడిది.

అటుపిమ్మట ఏర్పాటు మారినది. మర నిలువగనే ఆ పిల్లవాడు మొదట అంచనా సంస్థకు చెప్పును. ఎప్పుడు నిలిచినది, ఎందుకు నిలిచినది, ఎప్పటికి మరల తిరుగవచ్చును, ఈ మూడును చెప్పవలెను. ఆ తరువాత మాకు చెప్పును. మేము పుస్తకములో వ్రాసికొని, వారికి ముట్టినదా లేదా యని మరల విచారింతుము. నూనె మార్చుట, మరలు బిగించుట వంటి పనులను గాలి తక్కువగా నుండునని అంచనా చెప్పిన గంటలకు పెట్టుకొందుము. వెనుక మెకానిక్కు ఎప్పుడు దొరికిన అప్పుడు మరను నిలుపుచుండిరి. నిండుగాలిలో మరను నిలిపి నూనె పోయుట, పెండ్లివారు పంక్తిలో కూర్చున్న తరువాత పొయ్యి అలుకుటవంటిది!

ఆకాశము చేయు తప్పులు మిగిలియే యున్నవి. అవి యెందుకంత కష్టమో మా మేనకోడలు చెప్పిన తరువాత మాకా సంస్థవారిమీద కోపము పోయినది. గాలి వేగము రెండింతలైన దాని బలము ఎనిమిదింతలగునట. అందుచే గాలి వేగమును నూటికి పది వంతులు తప్పు చెప్పినచో కరెంటు లెక్క నూటికి ముప్పదిమూడు వంతులు తప్పును. పదివంతుల తప్పు మేము ఉప్పు వేయుటలోనే నిత్యము చేయుదుము. ఇంకొక చిక్కు. గాలి సెకండుకు సుమారు 25 మీటర్లకు మించినచో మర తన్ను తాను కాపాడుకొనుటకు నిలిచిపోవును. నిండుగా తిరుగునని చెప్పిన గంటలోనే సున్న పడును.

వాతావరణమును లెక్కగట్టి చెప్పవచ్చునని మొదట పూనుకొన్నవారిలో రిచర్డ్‌సన్ అను ఆంగ్లేయు డొకడు. మొదటి ప్రపంచ యుద్ధమున ఆంబులెన్సు బండి నడుపుచు, విరామ సమయములలో ఆరు గంటల వాతావరణమును చేతిలెక్కతో కట్టుటకు ఆరు వారములు పట్టినదట. అది గూడ పూర్తిగా తప్పినది. తప్పిన సంగతి దాచక 1922లో గ్రంథముగా అచ్చువేయించినాడు. నేడు యంత్రము లా పనిని క్షణములలో చేయుచున్నవి. 2025 మే నెలలో మన దేశమువారు భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమను 6 కిలోమీటర్ల గడుల లెక్కను వాడుకలోనికి తెచ్చిరి. అంతకుముందు గడి 12 కిలోమీటర్లు. అయినను ఆరు కిలోమీటర్ల గడిలో మా గుట్టయు, దాని వెనుక లోయయు, చెరువును ఒక్కటిగనే కలిసిపోవును. గుట్టకు గుట్టకు గాలి వేరని గొఱ్ఱెల కాపరికి తెలియును, యంత్రమునకు నేర్పవలెను. ఇందుకే పలుదేశముల లెక్కలను కలిపి, గుట్టమీది మర నిన్న మొన్న నిజముగా నెంత యిచ్చినదో దానితో సరిచూచి, తప్పును దిద్దుచు పోవుటయే తమ పని యని ఆ పిల్ల చెప్పినది.

మరి మన గాలి కొలతలను సేకరించిన దెవరని యడుగగా అది నవ్వి, "ఆడమనిషే అత్తా" అనెను. అన్నా మణి గారి పేరు మేమంతవరకు వినలేదు. 1918లో తిరువాన్కూరు సంస్థానమున పీరుమేడులో కలిగినవారి యింట పుట్టిరట. ఎనిమిదవ పుట్టినదినమున ఆ యింటి ఆచారము చొప్పున వజ్రపు కమ్మలిత్తురు. ఆమె కమ్మలు వలదని విజ్ఞానసర్వస్వపు సంపుటములు కోరిరి. బెంగుళూరులో సి.వి. రామన్ గారికడ కెంపులమీదను వజ్రములమీదను పరిశోధన చేసిరి. వజ్రములను ధరింపనొల్లనివారు వజ్రములను పరీక్షించుట యెంత చిత్రము! ఎం.ఏ., ఎం.ఎస్సీ. వంటి పట్టము లేదని ఆమెకు డాక్టరు పట్టమీయలేదు. 1945లో ఇంగ్లాండు వెళ్లి వాతావరణ పరికరముల విద్య నేర్చి, 1948లో తిరిగివచ్చి, పూనాలో వాతావరణ శాఖలో చేరి, అంతవరకు విదేశములనుండి తెప్పించుచున్న పరికరములను ఇక్కడనే చేయించిరి. 1976లో ఉద్యోగము విరమించిన పిమ్మట సైతము ఊరకుండక దేశమందలి గాలి కొలతలను సేకరించి 1983లో గ్రంథముగా ప్రకటించిరి. 2001లో కాలధర్మము చెందిరి. గాలి కొలుచు గిన్నెలు తప్పుగా తిరిగినచో ఆ కొలతమీద కట్టిన లెక్కయంతయు తప్పేనని ఆమె యెరిగి, పరికరము సరిగా నుండవలెనని యంత పట్టుదల వహించినారు. ఈ మాట విన్నప్పుడు మాకు మా గోడ క్యాలెండరు జ్ఞాపకమునకు వచ్చినది. కొలిచితిమి, వ్రాసితిమి, ఎవరికిని అందింపమైతిమి.

ఇపుడు మా జరిమానా పూర్తిగా పోయినదని చెప్పలేము. ఆశ్వయుజములో సాయంకాలపు ఉరుముల గాలి ఎటునుండి వచ్చునో యెవరికిని అందదు. ఆ దినములలో కాగితములో గడి నిండుచునే యున్నది. మర నిలిచిన సంగతి చెప్పక పడిన జరిమానా మాత్రము 2022 కార్తికము తరువాత ఒక్కసారియే పడినది. ఆ దినమున మా ఫోను పోయినది. గాజులు మరుసటి సంక్రాంతికి విడిపించితిమి.

నిన్న రాత్రి పదిగంటలకు ఆ పిల్లవాడు ఫోను చేసినాడు. వానికిప్పుడు పెండ్లియై ఒక బిడ్డ. "అమ్మా, పడమటగాలి మళ్లింది, తెల్లారేపాటికి పెద్దగా వచ్చేట్టుంది" అనెను. అంచనా పట్టికలో తెల్లవారుజామున గాలి తక్కువని యున్నది. మేము ఆ మాటను గంట వేసి పుస్తకములో వ్రాసికొని, సంస్థవారికి చెప్పితిమి. అటు నున్నదొక ఆడపిల్లయే. కొంచెము సేపు యోచించి, "చూస్తానమ్మా, రెండు గంటలకు దిద్దుతాను" అన్నది. తెల్లవారుజామున లేచి పెరటి తలుపు తీసితిమి. చీర కొయ్యమీద లేదు.